వలకు ఇనుము చాలు, ఇంట్లో సీసం కరిగించొద్దు

ప్రశ్న: అన్నా, మాది ములుగు జిల్లాల లక్నవరం దగ్గరి పల్లె. మా ఆయన చెరువుల చేపలు పడతడు. విసురు వలకు కట్టే గుండ్లు ఇంటెనక పొయ్యి మీద తనే పోస్తడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, అండ్ల సీసం తీసి, పాత మూకుడుల కరగబెట్టి, మట్టి అచ్చుల పోస్తడు. మాకు ఐదేండ్ల బిడ్డ, రెండేండ్ల కొడుకు. నాకిప్పుడు మూడో నెల. కొడుకు మాటిమాటికి కడుపునొప్పని ఏడుస్తుండు, అన్నం సరిగ తింటలేడు. సీసం మంచిది కాదట అని నేనంటే "మా నాయిన కాన్నుంచి చేస్తున్నం, ఎవ్వరికేమైంది" అంటడు. హన్మకొండల చదివే మా తమ్ముడు ఫోన్ల ఒక వీడియో చూపిచ్చిండు. బయటి దేశాలోళ్లు సీసం వద్దని తగరం, బిస్మత్, జింక్ అసొంటివి కరిగిచ్చి ఇంట్లనే తుపాకీ గుండ్లు పోసుకుంటున్నరు. మేం వల గుండ్లు అట్లనే పోసుకోవచ్చా? ఏది కరిగిస్తే పిల్లలకు ఏం గాదు? మా కోళ్లు గూడ ఆ జాగలనే తిరుగుతయి.
– ఒక చెల్లె, ములుగు జిల్లా

జవాబు:

చెల్లె, ముందు నీ కొడుకు సంగతి చూద్దాం. వల సంగతి తర్వాత.

కడుపునొప్పి, ఆకలి లేకపోవడం పిల్లలకు నులిపురుగుల వల్ల రావొచ్చు, ఇంకా పది కారణాల వల్ల రావొచ్చు. కానీ ఇంట్లో బ్యాటరీ సీసం కరిగిస్తున్నప్పుడు ఆ అనుమానాన్ని పక్కన పెట్టడానికి లేదు. పిల్లలిద్దరినీ తీసుకుని ఈ వారమే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లు. "మా ఇంట్లో బ్యాటరీల సీసం కరిగిస్తున్నరు" అని మొదటి మాటగా చెప్పు. ఆ మాట నువ్వు చెప్పకపోతే ఎంత మంచి డాక్టరుకైనా తట్టకపోవచ్చు. ఎందుకంటే సీసానికి దానికంటూ ప్రత్యేకమైన గుర్తు లేదు. కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోవడం, చిరాకు, చదువులో వెనకబడటం, అన్నీ వేరే జబ్బుల్లాగే కనిపిస్తాయి. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనిపించదు కూడా. తేల్చి చెప్పేది ఒక్క రక్తపరీక్షే. మామూలు రక్తపరీక్షల్లో అది కలిసి ఉండదు, "రక్తంలో సీసం ఎంత" అని విడిగా రాయించుకోవాలి. అక్కడ చేసే వీలు లేకపోతే శాంపిల్ పెద్ద ల్యాబుకు పంపించమని అడుగు. నీది కూడా ఇవ్వు. నీ పరీక్ష వాయిదా వెయ్యొద్దు.

నీది ఎందుకంటే, సీసం ఒంట్లోకి వెళ్లాక కాల్షియం లాగా ఎముకల్లో చేరి ఏళ్లకేళ్లు ఉంటుంది. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు తల్లి ఎముకల నుంచి కాల్షియంతో పాటు సీసం కూడా రక్తంలోకి వస్తుంది, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఇక చిన్నపిల్లలు. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వాళ్ల ఒంటికి పడుతుంది. పైగా రెండేండ్లవాడు నేల మీద పాకుతాడు, చేతికందింది నోట్లో పెట్టుకుంటాడు. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగే సీసం మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తంలో డెసిలీటరుకు (అంటే 100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టి ఆపాలన్నది 2021లో ఆ సంస్థ ఇచ్చిన సూచన. నీకు ఎక్కడి నుంచి వస్తుందో వెతికే పని లేదు. ఇంటెనక పొయ్యి దగ్గరే ఉంది.

రిపోర్టు వచ్చేదాకా భయంతో కూర్చోవద్దు. నీకు ఐరన్ మాత్రలు ఇస్తే ఒక్కరోజు కూడా మానొద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్డు నువ్వే తిను, ఇంట్లో పంచిపెట్టకు. పిల్లలకు తోటకూర, రాగి జావ, జామకాయ, ఉసిరి పెట్టు. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువగా ఉంటే సీసం ఎక్కువ పడుతుంది, అందుకే ఈ తిండి. ఖాళీ కడుపున కూడా ఎక్కువ పడుతుంది. ఎవరైనా భస్మాలు, కషాయాలు ఇస్తే విషం దిగుతుందని చెబితే మాత్రం ముట్టొద్దు. నాగభస్మం లాంటివి సీసంతోనే చేస్తారు. నువ్వు కడుపుతో ఉన్న మనిషివి.

ఇప్పుడు మీ ఆయన మాటకు వద్దాం. "మా నాయిన కాన్నుంచి చేస్తున్నం, ఎవరికేమైంది" అన్నాడు కదా. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పని నేర్చిన మనిషి తన పని మీద పెట్టుకున్న నమ్మకం అది. కానీ ఎవరికేమైందో ఆ రోజుల్లో ఎవరు పరీక్ష చేయించారు? పిల్లవాడు బడిలో మందంగా ఉంటే వీడికి చదువబ్బలేదన్నారు. నడివయసులో బీపీ వస్తే వయసు అన్నారు. ఇవి రెండూ సీసం చేయగలిగే పనులే.

సెనెగల్ దేశంలో డకార్ నగరం పక్కన థియారోయ్ అని ఒక ఊరు ఉంది. అక్కడ పాత బ్యాటరీల సీసం తీసే పని ఇండ్ల మధ్యనే జరిగేది. సీసం కలిసిన మట్టిని ఆడవాళ్లు ఇంటికి తెచ్చి జల్లెడ పట్టేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. మీ ఇంట్లో జరిగేది అంత పెద్ద ఎత్తున కాదు, అంత ప్రమాదం వచ్చిందనీ నేను అనడం లేదు. కానీ ఆ పిల్లలెవరూ సీసం కరిగించలేదు, ఆ మట్టిలో ఆడుకున్నారు, ఆ దుమ్ములో పడుకున్నారు. ఈ సంగతి మీ ఆయనకు చెప్పు. చాలామంది పొగ ఒక్కటే ప్రమాదం అనుకుని, "గాలి వాటం చూసుకుని కూర్చుంట" అంటారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కట్టెల పొయ్యి మీద మంట ఎగదోస్తే వేడి దానికన్నా చాలా పైకి పోతుంది, అప్పుడు పొగ నిజంగానే లేస్తుంది. కానీ ఇంట్లోకి ఎక్కువగా వచ్చేది పొగ కాదు, దుమ్ము. కరిగిన సీసం మీద బూడిదరంగు తెట్టె కడుతుంది కదా, గరిటెతో తీసి పక్కన పారేస్తాడు కదా, అది ఎండి పొడి అవుతుంది. అదే కాళ్లకు అంటుతుంది, లుంగీకి అంటుతుంది, నట్టింట్లోకి వస్తుంది. పగలగొట్టిన బ్యాటరీ ప్లేట్ల మీద ఉండే ముద్ద అంతకన్నా చెడ్డది. అది ముట్టుకుంటే రాలిపోయే సీసం పొడి. దానికి తోడు ఆమ్లం. ఇంకో సంగతి అడుగు: గుండును దారానికి బిగించేటప్పుడు పళ్లతో నొక్కుతాడా? మన దగ్గర చాలామందికి ఆ అలవాటు ఉంది. అది ఈ రోజే మానాలి.

తమ్ముడు చూపించిన వీడియో గురించి. ఆ వీడియోల్లో వాళ్లు చేసేది తుపాకీ గుండ్లు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తయారు చేసుకునే హక్కు రాదు. నీ తమ్ముడు ఆ ఉద్దేశంతో చూపించలేదని నాకు తెలుసు, కానీ ఆ వీడియో చూసి అచ్చులు చేయించే దాకా పోవద్దని చెప్పు. అయితే వాళ్లు సీసం ఎందుకు మానుకుంటున్నారో తెలుసుకోవడం మంచిదే. అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసం రవ్వలు వాడకూడదని 1991లో దేశమంతటా ఆపేశారు. చెరువు అడుగున పడ్డ రవ్వల్ని బాతులు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతున్నాయని. మీ పనికి ఇంకా దగ్గరిది ఇంగ్లండు సంగతి. అక్కడ గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లు మింగి హంసలు చనిపోతుంటే, 1987లో వాటి అమ్మకాన్నే నిషేధించారు. పక్షి కందనకాయలో గింజలు నూరుకోవడానికి రాళ్లు ఉంటాయి కదా, సీసం అక్కడ చేరి అరిగి అరిగి రక్తంలో కలుస్తుంది. మీ కోళ్ల సంగతి కూడా అంతే. దాని గురించి కింద రాస్తాను.

ఇక ఆ మూడు లోహాలు. తగరం మంచిదే. 232 డిగ్రీలకు కరుగుతుంది, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేది దానితోనే. కానీ ధర సీసానికి ఎన్నో రెట్లు. పైగా తుక్కు దుకాణంలో తగరమని ఇచ్చేది టంకం కడ్డీ కావొచ్చు. పాత టంకంలో సగానికి దగ్గరగా సీసమే ఉంటుంది. చూపుకు తేడా తెలియదు. బిస్మత్ బరువైనది, సీసంతో పోలిస్తే విషం చాలా తక్కువ, కానీ పెళుసు. వల రాతికి తగిలితే పగులుతుంది. ధర కూడా మీకు అందేది కాదు. జింక్ ఒక్కటే చవక, అందుకే దాని గురించి గట్టిగా చెబుతున్నాను. అది 420 డిగ్రీలకు కరుగుతుంది. కట్టెల పొయ్యి మీద వేడి ఎంతుందో తెలియదు, ఎక్కువైతే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. జింక్ పూత వేసిన జీఐ పైపుల్ని వెల్డింగ్ చేసేవాళ్లను అడిగితే ఆ జ్వరం సంగతి చెబుతారు. ఇక ఏ లోహమైనా సరే, కరిగిన దాంట్లో ఒక్క నీటిచుక్క పడితే చాలు. నీళ్లు ఆవిరైతే 1600 రెట్లకు పైగా వ్యాపిస్తాయి, లోహం మొహం మీదికి చిమ్ముతుంది. మట్టి అచ్చు కాస్త పచ్చిగా ఉన్నా అదే జరుగుతుంది. మీ ఆయన చేతుల మీద కాలిన మచ్చలు ఉండే ఉంటాయి.

కాబట్టి "ఏది కరిగించాలి" అన్న దానికి నా జవాబు, ఏదీ కరిగించొద్దు. అవసరమే లేదు.

ఎందుకు అవసరం లేదో కాస్త వివరంగా చెబుతాను, ఈ లెక్క మీ ఆయనకు నచ్చుతుందని నా నమ్మకం. తుపాకీవాళ్లకు చిన్న పరిమాణంలో పెద్ద బరువు కావాలి, అందుకని వాళ్లు సీసానికి దగ్గరి బరువున్న లోహం కోసం వెతుకుతారు. వలకు కావలసింది అది కాదు. వలకు కావలసింది నీళ్లలో బరువు. ఏ వస్తువైనా నీళ్లలో మునిగితే, అది పక్కకు తోసిన నీళ్ల బరువంత తేలికవుతుంది. కిలో సీసం నీళ్లలో సుమారు 910 గ్రాములు తూగుతుంది. కిలో ఇనుము సుమారు 870 గ్రాములు. అంతే తేడా! మీ వలకు ఇప్పుడు 4 కిలోల సీసం ఉంటే, 4 కిలోల 200 గ్రాముల ఇనుము కడితే నీళ్లలో అదే బరువు. చేతికి 200 గ్రాములు ఎక్కువ. పరిమాణం మాత్రం ఒకటిన్నర రెట్లు అవుతుంది, దాని వల్ల వల మునగడం ఒక్క పిసరు నెమ్మదిస్తుంది. చెరువులో, అందులోనూ ఒడ్డు నుంచి విసిరే లోతులో, అది పట్టించుకోవాల్సినంత కాదు. రాయి అయితే కిలోకు నీళ్లలో 620 గ్రాములే మిగులుతుంది. కాల్చిన మట్టి అయితే సుమారు సగం. విసరడానికి అవి పనికిరావు, 4 కిలోల సీసం చోట 7 కిలోలకు పైగా మట్టి గుళ్లు ఎవరు విసరగలరు? కానీ సాయంత్రం కట్టి పొద్దున తీసే వలకు మట్టి గుళ్లు బాగానే పనికొస్తాయి. దాన్ని ఎవరూ విసరరు కదా. కుమ్మరి దగ్గర రంధ్రం పెట్టించి కాల్పించుకుంటే చాలు, సీసం రాకముందు వలలకు కట్టింది అవే.

విసురు వలకు ఇనుప నట్లు కొనండి. వరంగల్‌లోనో ములుగులోనో నట్లు బోల్టుల దుకాణంలో 10 ఎంఎం నట్లు కిలోల లెక్కన ఇస్తారు. ఒక్కోటి సుమారు 11 గ్రాములు. 4 కిలోల 200 గ్రాములకు 380 దాకా వస్తాయి. నడుమ నుంచి అంచు దాకా మూడు మీటర్లుండే వల అయితే దాని చుట్టుకొలత దాదాపు 19 మీటర్లు, అంటే ఐదు సెంటీమీటర్లకు ఒక నట్టు. వల చిన్నదైతే లెక్క మార్చుకోవాలి, పాత గుండ్లు విప్పి మొత్తం తూకం వేసి, దానికి ఇరవయ్యో వంతు కలిపితే ఇనుము ఎంత కావాలో తెలుస్తుంది.

నట్లతో ఒక చిక్కు ఉంది. లోపలి మరల మీద రాసుకుని నైలాన్ దారం తెగుతుంది. ఒక్కో నట్టులోకి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ముక్క దూర్చి, అందులోంచి దారం తీయాలి. నట్టుకూ నట్టుకూ మధ్య ముడి వేస్తే జారవు. ఓపిక లేకపోతే సన్న ఇనుప గొలుసు దొరుకుతుంది, దుకాణంలో ఒక మీటరు తూకం వేయించి, మీ వల చుట్టుకొలతతో గుణించి చూసుకుని కొనండి. గొలుసు వల అడుగు నేలకు బాగా ఆనుతుంది, బురదలో దాక్కునే కొర్రమట్ట కింది నుంచి జారిపోవడానికి సందు తక్కువ. కట్టడం కూడా ఒక్క పూట పని. ఇండ్లు కట్టేచోట మిగిలే 8 ఎంఎం చువ్వ ముక్కలు కూడా వాడొచ్చు, మీటరుకు 395 గ్రాములు తూగుతుంది. కానీ కోసిన అంచులు కత్తిలా ఉంటాయి, కమ్మరితో కొసలు నున్నగా చేయించి కొక్కెంలా వంచించాలి. నాకైతే నట్లే నయమనిపిస్తుంది.

తుప్పు పడుతుంది, నిజమే. చెరువు మంచినీళ్లలో అది నెమ్మదిగా పడుతుంది. వల ఆరబెట్టి పెట్టుకుంటే ఏళ్లు వస్తాయి, తుప్పు వల్ల మనిషికీ చేపకూ హాని లేదు. రంగు వేయాలనుకుంటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అడగండి, అది ఇనుప ఆక్సైడు. రెడ్ లెడ్ అని వేరే ఉంది, అది సీసం, అది వద్దు. జీఐ నట్లు తెచ్చుకున్నా ఫరవాలేదు, వాటిని మంటలో పెట్టనంత వరకు.

డబ్బు సంగతి మీ ఆయన తప్పకుండా అడుగుతాడు. సీసం తుక్కు ధర ఇనుప తుక్కు ధరకన్నా చాలా ఎక్కువ. ఉన్న గుండ్లన్నీ, పగలగొట్టని బ్యాటరీలు అన్నీ బ్యాటరీ దుకాణంలో ఇస్తే, వచ్చిన డబ్బు నట్లకు చాలావరకు సరిపోవాలి. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని పద్ధతిగా కరిగించే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదార్లదే. పగలగొట్టకుండా ఇస్తేనే మంచి ధర కూడా. ఒకేసారి అన్ని వలలూ మార్చమని పోరు పెట్టకు. ఒక్క వలకు నట్లు కట్టి, పాత వలతో పక్కపక్కన విసిరి చూడమను. వల తెరుచుకోవడం, మునగడం ఆయన చేతికి తెలిసినంత నా రాతకు తెలియదు. కరిగించడం ఆపడానికి మాత్రం ఆ వల పరీక్ష అయ్యేదాకా ఆగొద్దు, ఇవాళే ఆపాలి.

ఇక పొయ్యి జాగ. దాన్ని పొడి చీపురుతో ఊడ్వకు. నీళ్లు బాగా చల్లి, తడి మీద పైమట్టి గీకి, సంచిలో మూట కట్టి పక్కన పెట్టాలి. ఆ పని మీ ఆయన చెయ్యాలి, నువ్వు చెయ్యొద్దు. మూతికి గుడ్డ కట్టుకుని చేసి, స్నానం చేసి లోపలికి రమ్మను. ఆ మూట చెరువులోనో పెరట్లోనో పారబోయొద్దు. బ్యాటరీలు తీసుకునేవాళ్లకే ఇవ్వొచ్చేమో అడగండి. తర్వాత ఆ జాగ మీద మొరం మందంగా పోసి దిమ్మిస కొట్టి గట్టి చేయండి, వీలైతే సిమెంటు వేయండి. ఆ మూకుడు, గరిటె మళ్లీ వంటింటి గడప తొక్కొద్దు. ఆ పొయ్యి బూడిదతో గిన్నెలు తోమి ఉంటే ఈరోజు నుంచి ఆపు. కూరగాయల మడిలో కూడా వెయ్యకు. ఇంట్లో నేల తడిగుడ్డతో తుడువు, ఆ గుడ్డ విడిగా ఉతుకు. మీ ఆయన ఆ పనికి కట్టుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలపకు. పిల్లల గోర్లు తీసి, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించు.

కోళ్లు. ఆ జాగలో రాలిన సీసం చుక్కలు వాటికి రాళ్లలాగే కనిపిస్తాయి, మింగుతాయి. అలా మింగిన కోడి గుడ్డులోకి కూడా సీసం వస్తుంది. కాబట్టి ఆ కోళ్ల గుడ్లు, మాంసం నువ్వూ పిల్లలూ తినొద్దు. అవి సీసం ఎంత మింగాయో మనకు తెలిసే దారి లేదు, అందుకని కొన్నాళ్లాగి తిందాం అన్న లెక్క కూడా పెట్టుకోవద్దు, వాటిని ఊళ్లో అమ్మొద్దు కూడా. జాగ శుభ్రం చేసి మొరం పోశాక కొత్త కోడిపిల్లల్ని పెంచుకో. పిల్లలకు గుడ్లు అప్పటిదాకా అంగన్‌వాడీవి, దుకాణం నుంచి తెచ్చినవి పెట్టు.

రిపోర్టులో అంకె ఎంత వచ్చినా, మూడు నెలలకు మళ్లీ పరీక్ష రాయమని డాక్టరును అడుగు. కరిగించడం ఆగాక ఆ అంకె తగ్గుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. తగ్గకపోతే ఇంట్లో ఇంకెక్కడో దుమ్ము మిగిలి ఉండొచ్చు. అప్పుడు వలలు దాచే మూల, మీ ఆయన సంచి, పిల్లలు పడుకునే చాప, వీటితో మొదలుపెట్టి మళ్లీ వెతకాలి.